సినాప్టోఫైసిన్ యాంటీబాడీ: ట్యూబు తెరిచిన రోజు నుంచి చుక్కలు లెక్కపెట్టే దాకా

న్యూరాన్లు ఒకదానికొకటి సందేశం అందించే నాడీసంధులను (సినాప్స్‌లను) గుర్తించడానికి వాడే సినాప్టోఫైసిన్ యాంటీబాడీతో వచ్చే పెద్ద చిక్కు ఏమిటంటే, అది సరిగా పనిచేయకపోయినా చూడటానికి చక్కని బొమ్మే ఇస్తుంది. న్యూరాన్ల మీద పడిన ఏ యాంటీబాడీ అయినా ఎక్కడో ఒకచోట గడ్డకట్టి చుక్కలుగా మెరుస్తుంది, నాడీసంధులు కూడా చుక్కలుగానే కనిపిస్తాయి. కాబట్టి మైక్రోస్కోపులో చుక్కలు కనబడ్డాయన్న సంతోషంతో ఆరు నెలలు లెక్కలు కట్టి, ఆ చుక్కల్లో సగం యాంటీబాడీ గడ్డకట్టిన పొడులేనని తర్వాత తెలుసుకున్న పరిశోధక విద్యార్థులు ఉన్నారు. ఒకప్పుడు నేనూ వారిలో ఒకణ్ణి. ప్రయోగం మొదలుపెట్టకముందే, మన సొంత కణజాలం మీద, మన సొంత చేతులతో ఆ యాంటీబాడీని పరీక్షించుకోవలసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఈ వ్యాసంలో మౌస్‌ను చిట్టెలుక అని రాస్తున్నాను.

ముందుగా ప్రోటీన్ ఎలా ఉంటుందో తెలుసుకోవాలి

నాడీసంధిలో సందేశాన్ని పంపే చివర, సుమారు 40 నానోమీటర్ల వ్యాసం గల చిన్న పొర సంచులు గుంపులుగా ఉంటాయి. న్యూరోట్రాన్స్‌మిటర్‌ను నింపుకొని, సంకేతం రాగానే దాన్ని బయటకు వదిలే ఈ సంచులనే సినాప్టిక్ వెసికిల్స్ అంటారు. వాటి పొరలో అత్యధికంగా ఉండే ప్రోటీన్లలో సినాప్టోఫైసిన్ ఒకటి. 1985లో రెండు బృందాలు దీన్ని విడివిడిగా వర్ణించాయి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో వీడెన్‌మన్, ఫ్రాంకేలు దీనికి ఇప్పటి పేరు పెట్టగా, న్యూయార్క్‌లో గ్రీన్‌గార్డ్ ప్రయోగశాలకు చెందిన యాన్ బృందం దీని బరువును బట్టి పీ38 అని పిలిచింది. ఒక్కొక్క వెసికిల్ మీద ఈ ప్రోటీన్ అణువులు సగటున 30 పైచిలుకు ఉంటాయని 2006లో వెలువడిన విస్తృత విశ్లేషణ తేల్చింది. ఇంత సమృద్ధిగా ఉండబట్టే నాడీసంధులకు గుర్తుగా దీన్ని ఎంచుకుంటారు. సమృద్ధి వల్ల ఒక నష్టమూ ఉంది: తక్కువ నాణ్యత గల యాంటీబాడీకి కూడా ఎంతో కొంత సరైన సంకేతం దొరుకుతుంది, దాని చాటున తప్పుడు సంకేతం దాగిపోతుంది.

ఈ ప్రోటీన్ పొరను నాలుగుసార్లు దాటుతుంది. దాని మొదలు, చివర రెండూ కణద్రవం వైపే ఉంటాయి; మధ్యలోని రెండు మడతలు మాత్రం వెసికిల్ లోపలికి తెరుచుకుంటాయి. లోపలి మొదటి మడతకు చక్కెర గొలుసు ఒకటి అతుక్కొని ఉంటుంది. మనిషి సినాప్టోఫైసిన్‌లో 313 అమైనో ఆమ్లాలు ఉన్నాయి, వాటి లెక్క ప్రకారం బరువు దాదాపు 34 కిలోడాల్టన్లు; చక్కెర గొలుసు చేరడం వల్ల, ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్‌లో 38 దగ్గర కనిపిస్తుంది. ఈ 34కూ 38కీ మధ్య తేడా తర్వాత మనకు మంచి సాక్ష్యంగా పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఎక్కువ యాంటీబాడీలు కణద్రవంలోకి చాచుకున్న చివరి తోకను గుర్తిస్తాయి. వీడెన్‌మన్, ఫ్రాంకేలు పశువుల మెదడు నుంచి తీసిన వెసికిల్స్‌తో తయారుచేసిన ఎస్‌వై38 అనే మోనోక్లోనల్ (అన్ని అణువులూ ఒకే చోటును గుర్తించే) యాంటీబాడీ కూడా అలాంటిదే. దీని అర్థం, బతికున్న న్యూరాన్‌కు బయటినుంచి ఈ యాంటీబాడీ అందిస్తే అది లక్ష్యాన్ని చేరుకోలేదు. కణ పొరకు రంధ్రాలు పెట్టి తీరాలి. బతికున్న కణంలో వెసికిల్స్ తిరిగే తీరు చూడాలనుకునేవారు ఇందుకోసం సినాప్టోటాగ్మిన్-1 ప్రోటీన్ లోపలి భాగాన్ని గుర్తించే యాంటీబాడీని వాడతారు. అది వేరే పని, వేరే పద్ధతి; ఒకదాని కోసం కొన్నదాన్ని మరొకదానికి వాడబోయి డబ్బు పోగొట్టుకోవద్దు.

కొనే ముందు అడగవలసినవి

యాంటీబాడీ ఏ జంతువులో తయారైందన్నదే మొదటి ప్రశ్న. చిట్టెలుక మెదడు ముక్కల మీద పనిచేయబోతున్నవారు చిట్టెలుకలో తయారైన యాంటీబాడీని కొంటే, మన యాంటీబాడీని (ప్రైమరీని) పట్టుకొని సంకేతం ఇచ్చే సెకండరీ యాంటీబాడీ, మెదడు ముక్కలోనే సహజంగా ఉన్న ఇమ్యునోగ్లోబ్యులిన్లను కూడా పట్టుకుంటుంది. రక్తనాళాల గోడలన్నీ వెలిగిపోతాయి. వాటిని ముందే మూసిపెట్టే ప్రత్యేక కారకాలు దొరుకుతాయి గానీ, కుందేలులోనో గినీ పిగ్‌లోనో తయారైన యాంటీబాడీ కొనుక్కోవడమే నా దృష్టిలో తక్కువ తలనొప్పి. పైగా గినీ పిగ్ యాంటీబాడీ ఉంటే, నాడీసంధిలో సందేశం అందుకునే వైపు గుర్తు అయిన పీఎస్‌డీ-95కి చిట్టెలుక యాంటీబాడీనీ, డెండ్రైట్ (న్యూరాన్ సందేశాలు అందుకునే కొమ్మ) గుర్తు అయిన మ్యాప్2కి కోడి యాంటీబాడీనీ కలిపి, మూడు రంగుల్లో ఒకేసారి చూడవచ్చు.

రెండో ప్రశ్న, అది ప్రోటీన్‌లోని ఏ భాగాన్ని గుర్తిస్తుందన్నది. సినాప్టోఫైసిన్‌కు సినాప్టోపోరిన్ అనే దగ్గరి బంధువు ఉంది. పొరను దాటే భాగాల్లో ఇద్దరికీ పోలిక ఎక్కువ, చివరి తోకలో తక్కువ. కాబట్టి తోకను గుర్తించే యాంటీబాడీని ఎంచుకోవడం క్షేమం. మొత్తం ప్రోటీన్‌ను ఎక్కించి తయారుచేసిన పాలీక్లోనల్ సీరం (పలు రకాల యాంటీబాడీల మిశ్రమం) అయితే, బంధువును కూడా పట్టుకుంటుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగాలి.

మూడోది, నాకౌట్ జంతువు మీద చేసిన పరీక్ష చూపించారా అన్నది. సినాప్టోఫైసిన్ జన్యువు పూర్తిగా తీసివేసిన చిట్టెలుకలు చక్కగా బతుకుతాయి, పిల్లలను కంటాయి. అనేక ఇతర సినాప్టిక్ ప్రోటీన్ల విషయంలో ఈ సౌలభ్యం లేదు. జన్యువు పోతే పిల్ల పుట్టగానే చనిపోతుంది. అందువల్ల ఈ ప్రోటీన్‌కు నాకౌట్ మెదడు మీద పరీక్ష చూపించని కంపెనీకి పెద్దగా సాకు లేదనే చెప్పాలి.

ట్యూబు చేతికి అందిన రోజు

హైదరాబాద్ ప్రయోగశాలలకు ఈ ట్యూబులు చాలావరకు విదేశాల నుంచే, మధ్యలో పంపిణీదారు గిడ్డంగి మీదుగా వస్తాయి. పెట్టె తెరవగానే ఐస్ జెల్ ప్యాక్‌లు ఇంకా చల్లగా ఉన్నాయో లేదో చూసి, వచ్చిన తేదీ, పెట్టె స్థితి నోటుబుక్కులో రాయాలి. పొడిగా ఆరబెట్టిన యాంటీబాడీ అయితే కొద్ది రోజుల వేడికి తట్టుకుంటుంది. ద్రవరూపంలో వచ్చింది ఏప్రిల్ ఎండలో రెండు రోజులు గిడ్డంగిలో ఉంటే మాత్రం అనుమానించవలసిందే.

మూత తీయకముందు ట్యూబును కొన్ని సెకన్లు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, ఎందుకంటే 50 మైక్రోలీటర్ల సరుకులో పది మైక్రోలీటర్లు మూతకే అంటుకొని ఉండటం మామూలే. పొడి రూపమైతే కాగితంలో చెప్పిన పరిమాణంలో స్వేదనజలం చేర్చి, వోర్టెక్స్ చేయకుండా, అరగంట చల్లగా నాననిచ్చి, మెల్లగా పైకీ కిందికీ తిప్పి కలపాలి. ఆ తర్వాత 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి. మంచు పేరుకోకుండా తనంతట తాను వేడెక్కి చల్లబడే ఇంటి తరహా ఫ్రీజర్‌లో పెట్టకూడదు. అది రోజూ యాంటీబాడీని కొంత కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తుంది. ఒకసారి కరిగించిన చిన్న ట్యూబును 4 డిగ్రీల్లోనే ఉంచి వాడుకోవాలి, తిరిగి ఫ్రీజర్‌లో పెట్టవద్దు.

సీసా మీద సోడియం ఎజైడ్ అని ఉంటే గమనించండి. అది బూజును ఆపుతుంది గానీ, జెల్‌లో వేరుచేసిన ప్రోటీన్లను పొర మీదికి దింపి యాంటీబాడీతో వెతికే వెస్టర్న్ బ్లాట్‌లో, సెకండరీకి జతచేసే హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ను కూడా ఆపేస్తుంది. ప్రైమరీ ద్రావణంలో అది అతి తక్కువగా ఉండి, తర్వాత కడిగేస్తాం కాబట్టి ఇబ్బంది లేదు. సెకండరీ ద్రావణంలో గానీ, కడిగే బఫర్‌లో గానీ ఎజైడ్ వేస్తే మాత్రం ఖాళీ ఫిల్ము చూసి తల పట్టుకోవలసి వస్తుంది.

మొదటి పరీక్ష: వెస్టర్న్ బ్లాట్

చివరికి మీకు కావలసింది మైక్రోస్కోపు బొమ్మలే అయినా, మొదట బ్లాట్ చేయాలి. చుక్క తన బరువు ఎంతో చెప్పదు, బ్లాట్‌లోని పట్టీ చెబుతుంది.

జంతు నైతికతా సంఘం అనుమతి ఉన్న ప్రయోగంలో భాగంగా తీసిన చిట్టెలుక మెదడులోని హిప్పోక్యాంపస్ భాగాన్ని, ప్రతి మిల్లీగ్రాముకు 10 మైక్రోలీటర్ల చొప్పున కణాలను కరిగించే చల్లని రీపా బఫర్‌లో, ప్రోటియేజ్ నిరోధకాలు కలిపి నూరాలి. మంచు మీద అరగంట ఉంచి, 4 డిగ్రీల్లో 12,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పి, పైకి తేలిన ద్రవాన్ని తీసుకోవాలి. దానితో పాటు అదే జంతువు కాలేయాన్ని కూడా అదే విధంగా సిద్ధం చేయాలి; అక్కడ సినాప్టోఫైసిన్ పట్టీ రాకూడదు. బీసీఏ పద్ధతిలో ప్రోటీన్ గాఢత కొలిచాక, మెదడు నమూనాను 2.5, 5, 10, 20 మైక్రోగ్రాముల చొప్పున నాలుగు బావుల్లోనూ, కాలేయాన్ని 20 మైక్రోగ్రాములతో ఒక బావిలోనూ వేయాలి. ఈ ప్రోటీన్ మెదడులో ఎంత ఎక్కువగా ఉంటుందంటే, అలవాటు కొద్దీ 30, 40 మైక్రోగ్రాములు వేసేవారి పట్టీ ఎప్పుడో నిండిపోయి, నమూనాల మధ్య తేడా ఉన్నా కనిపించకుండా పోతుంది. మోతాదుతో పాటు సంకేతం సరళరేఖలో పెరుగుతున్న పరిధి ఎక్కడుందో ఈ నాలుగు బావులే చెబుతాయి. తర్వాతి ప్రయోగాలన్నీ ఆ పరిధి లోపలే చేయాలి.

నమూనాను వేడిచేసే దగ్గర కొంచెం ఆగాలి. పొరను పలుమార్లు దాటే ప్రోటీన్లను 95 డిగ్రీల్లో మరిగిస్తే, గుడ్డులోని తెల్లసొన గడ్డకట్టినట్లు ఒకదానికొకటి అంటుకొని జెల్ పైభాగంలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. సినాప్టోఫైసిన్ మరిగించినా పట్టీ ఇవ్వడం మామూలే, అయినా మీ బఫర్‌లో ఎలా ప్రవర్తిస్తుందో తెలియదు కాబట్టి, ఒకే నమూనాను మూడు భాగాలు చేసి ఒకటి 95 డిగ్రీల్లో 5 నిమిషాలు, ఒకటి 70 డిగ్రీల్లో 10 నిమిషాలు, ఒకటి 37 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి పక్కపక్కన నడపండి. 75–80 కిలోడాల్టన్ల దగ్గర రెండో పట్టీ కనబడి, వేడిచేసే తీరు మారినప్పుడు అది తగ్గడమో పెరగడమో జరిగితే, అది విడిపోని జంట అణువై ఉండవచ్చు. ఏ మార్పుకూ కదలకుండా అక్కడే ఉంటే అది వేరే ప్రోటీనేమోనని అనుమానించాలి.

12 శాతం జెల్ ఈ బరువుకు సరిపోతుంది. పీవీడీఎఫ్ పొరను మిథనాల్‌లో అర నిమిషం తడిపి, 20 శాతం మిథనాల్ ఉన్న చల్లని బఫర్‌లో 100 వోల్టుల దగ్గర గంటసేపు ప్రోటీన్లను దానిమీదికి బదిలీ చేయాలి. ప్రోటీన్లకు తాత్కాలికంగా అంటే పాన్సో ఎరుపు రంగుతో అన్ని బావులూ సమంగా దిగాయో చూసి, ఫొటో తీసుకొని, రంగు కడిగేయాలి. తర్వాత 5 శాతం పాలపొడి కలిపిన టీబీఎస్‌టీ బఫర్‌లో గంటసేపు బ్లాక్ చేసి (యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా మూసి), పొరను ఐదు చీలికలుగా కోసి, వాటిలో నాలుగింటిని ప్రైమరీ 1:500, 1:1000, 1:5000, 1:20,000 పలుచదనాల ద్రావణాల్లో విడివిడిగా రాత్రంతా 4 డిగ్రీల్లో ఊగనివ్వాలి. కాగితం మీద కంపెనీ రాసిన పలుచదనం వారి కణజాలానికి, వారి డిటెక్షన్ కారకానికి సంబంధించినది. ఈ యాంటీబాడీలను చాలామంది అవసరానికి మించి చిక్కగా వాడతారని నా అనుభవం. మరునాడు పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి, 1:10,000 సెకండరీలో గంట ఉంచి, మళ్లీ మూడుసార్లు కడిగి, సెకండరీ ఎంజైమ్‌తో వెలుగు పుట్టించే ఈసీఎల్ ద్రావణం వేయాలి. ఐదో చీలికకు ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేయడం మరచిపోవద్దు.

ఇక్కడే కొత్తవారు పడే గుంట ఒకటుంది. బావుల్లో ప్రోటీన్ సమంగా ఉందని చూపడానికి అలవాటుగా గ్యాప్డీహెచ్ వాడతారు. దాని బరువు 36–37 కిలోడాల్టన్లు, సినాప్టోఫైసిన్‌ది 38. రెండు యాంటీబాడీలూ ఒకే జంతువులో తయారైనవై, ముందరి దాన్ని సరిగా తొలగించకుండా రెండోది వేస్తే, మీరు కొలిచేది ఏ పట్టీయో మీకే తెలియదు. 42 దగ్గర ఉండే బీటా-యాక్టిన్ కూడా ఇరుగుపొరుగే. దూరంగా 117 దగ్గర ఉండే వింక్యులిన్‌నో, మొత్తం ప్రోటీన్ రంగునో ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు. నేను మొత్తం ప్రోటీన్ రంగు వైపే మొగ్గుతాను, ఎందుకంటే వ్యాధి నమూనాల్లో న్యూరాన్లే తగ్గిపోతున్నప్పుడు ఏ ఒక్క ప్రోటీనూ కదలకుండా ఉంటుందని ముందే అనుకోవడం సాహసం.

ఆ పట్టీ సినాప్టోఫైసినేనా?

38 దగ్గర పట్టీ రావడం మంచి సూచన మాత్రమే. ఆ బరువు గల ప్రోటీన్లు మెదడులో లెక్కలేనన్ని. 2016లో యాంటీబాడీల నిరూపణ గురించి అంతర్జాతీయ కార్యవర్గం ఒకటి ఐదు రకాల సాక్ష్యాలను సూచించింది. జన్యువును తీసివేసి చూడటం, వేరే భాగాన్ని గుర్తించే స్వతంత్ర యాంటీబాడీతో పోల్చడం, యాంటీబాడీ అవసరం లేని మరో పద్ధతితో పోల్చడం వంటివి అందులో ఉన్నాయి. మనకు అందుబాటులో ఉన్నవాటిని వరుసగా చూద్దాం.

అన్నిటికంటే బలమైనది నాకౌట్ మెదడు. ఆ జంతువులు మీ దగ్గర లేకపోతే, ఉన్న ప్రయోగశాలకు రాసి కొద్దిగా మెదడు లైసేట్ (మెదడును బఫర్‌లో నూరి తీసిన ద్రవం) అడగండి. కొన్ని మైక్రోగ్రాములు చాలు, జంతువును తెప్పించుకోవలసిన పని లేదు. నాకౌట్ బావిలో 38 దగ్గరి పట్టీ పూర్తిగా మాయమవ్వాలి. సన్నగానైనా మిగిలితే, అది బంధువైన సినాప్టోపోరిన్ కావచ్చు, పక్క బావి నుంచి పొంగి వచ్చిందీ కావచ్చు. మధ్యలో ఒక బావి ఖాళీగా వదిలి మళ్లీ నడిపితే తేలిపోతుంది. సాధ్యం కాని పక్షంలో పెంచిన న్యూరాన్లలో ఎస్‌హెచ్‌ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏను వైరస్ ద్వారా పంపి జన్యువును అణచి చూడవచ్చు. కానీ వెసికిల్ ప్రోటీన్లు రోజుల తరబడి నిలిచేవి కాబట్టి, వైరస్ వేసిన మూడో రోజే పట్టీ తగ్గలేదని నిరాశపడకుండా వారం పైన ఆగాలి.

రెండో సాక్ష్యం చవకైనది, ఎవరైనా చేయదగినది: పీఎన్‌గేజ్ ఎఫ్ అనే ఎంజైమ్‌తో చక్కెర గొలుసును కోసేయడం. కిట్ సూచనల ప్రకారం నమూనాను రెండు భాగాలు చేసి, ఒకదానిలో ఎంజైమ్ వేసి, మరొకదానిలో వేయకుండా, రెండింటినీ 37 డిగ్రీల్లో గంటసేపు ఉంచాలి. ఎంజైమ్ వేసిన బావిలో పట్టీ 38 నుంచి 34 దగ్గరికి దిగితే, అది చక్కెర గొలుసు మోస్తున్న ప్రోటీన్ అని, బరువులు సినాప్టోఫైసిన్‌కు సరిపోతున్నాయని తేలుతుంది. ఒక హెచ్చరిక: ఈ ఎంజైమ్ బరువు కూడా సుమారు 36 కిలోడాల్టన్లే. పాన్సో రంగులో ఆ చోట కొత్తగా కనిపించే గీత ఎంజైమ్‌దే, దాన్ని చూసి ఫలితమని పొరబడవద్దు.

కొందరు పెప్టైడ్‌తో యాంటీబాడీని ముందే నింపేసి, పట్టీ మాయమైందని చూపుతారు. అది యాంటీబాడీ ఆ పెప్టైడ్‌ను పట్టుకుంటుందని మాత్రమే రుజువు చేస్తుంది. తప్పు ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ కూడా అదే చేతితో పట్టుకుంటుంది కాబట్టి, ఆ పరీక్షలో తప్పు పట్టీ కూడా మాయమవుతుంది. నేనైతే దానికి పెద్ద విలువ ఇవ్వను.

పెంచిన న్యూరాన్లలో చూడటం

బ్లాట్‌లో నెగ్గిన యాంటీబాడీ, మెరిసే రంగుతో కణంలోనే ప్రోటీన్‌ను చూసే ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో కూడా నెగ్గుతుందని హామీ లేదు. బ్లాట్‌లో ప్రోటీన్ విప్పిన దారంలా ఉంటుంది. ఫార్మాల్డిహైడ్‌తో బిగించిన కణంలో మడతలతో, పక్కవాటితో ముడిపడి ఉంటుంది. అందుకే ఇక్కడ పరీక్ష మళ్లీ మొదలుపెట్టాలి.

పాలీ-డీ-లైసిన్ పూసిన కవర్‌స్లిప్‌ల మీద హిప్పోక్యాంపస్ న్యూరాన్లను 14 నుంచి 21 రోజులు పెంచాలి. వారం కూడా నిండని న్యూరాన్లలో సినాప్టోఫైసిన్ ఉంటుంది గానీ, అది ఎక్కువగా యాక్సాన్ (న్యూరాన్ సందేశాన్ని పంపే పొడవాటి పోగు) వెంట ప్రయాణిస్తున్న మూటల్లోనూ, పెరుగుతున్న కొనల్లోనూ ఉంటుంది. వాటిని నాడీసంధులని లెక్కపెట్టకూడదు. మీడియం తీసేసి, కాల్షియం, మెగ్నీషియం ఉన్న వెచ్చని పీబీఎస్‌తో ఒకసారి మెల్లగా కడిగి, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, 4 శాతం చక్కెర కలిపిన ద్రావణంలో పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. చల్లని ద్రావణం ఒక్కసారిగా పోస్తే సన్నని కొమ్మలు పూసల్లా తెగిపోతాయి. ఆ పూసలు సినాప్టోఫైసిన్ చుక్కల్లాగే ఉంటాయి! మూడుసార్లు కడిగాక, 100 మిల్లీమోలార్ గ్లైసిన్‌లో పది నిమిషాలు ఉంచి మిగిలిపోయిన ఫార్మాల్డిహైడ్‌ను నిర్వీర్యం చేయాలి.

తర్వాత కణ పొరకు రంధ్రాలు పెట్టే 0.1–0.2 శాతం ట్రైటాన్ ఎక్స్-100లో ఐదు నుంచి పది నిమిషాలు. మోతాదో సమయమో పెంచితే పొరలతో పాటు వెసికిల్ ప్రోటీన్ కూడా కొంత కొట్టుకుపోతుంది, తగ్గిస్తే యాంటీబాడీ లోపలికి పోదు. 5 శాతం మేక సీరంలో గంటసేపు బ్లాక్ చేసి, ప్రైమరీని 1:200 నుంచి 1:2000 వరకు నాలుగు పలుచదనాల్లో పరీక్షించాలి. యాంటీబాడీ ద్రావణాన్ని వేసే ముందు 4 డిగ్రీల్లో పూర్తి వేగంతో పది నిమిషాలు తిప్పి, అడుగున చేరిన పొడిని వదిలేసి పైభాగం మాత్రమే తీసుకోవాలి. మొదట్లో చెప్పిన నా ఆరు నెలల వృథాకు ఈ పది నిమిషాలు మిగుల్చుకోవడమే కారణం. రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచి, మూడుసార్లు కడిగి, ఇతర జంతు జాతుల ఇమ్యునోగ్లోబ్యులిన్ల మీద ముందే వడపోసిన సెకండరీని చీకట్లో గంటసేపు వేయాలి. డాపీతో కేంద్రకాలకు రంగు వేసి, స్లైడ్ మీద అతికించి, మరునాటి వరకు గట్టిపడనివ్వాలి.

ప్రతిసారీ పక్కన ఉండవలసిన కవర్‌స్లిప్‌లు ఇవి: ప్రైమరీ లేకుండా సెకండరీలు మాత్రమే వేసినది, ఒక్కొక్క రంగు విడిగా వేసినది, దొరికితే నాకౌట్ న్యూరాన్లది. మూడు రంగులు కలిపిన దాన్ని మాత్రమే చూసి, ఒక రంగు పక్క రంగులోకి కారుతున్న సంగతి గమనించనివారు సినాప్టోఫైసిన్, పీఎస్‌డీ-95 రెండూ నూటికి నూరుపాళ్లు ఒకేచోట ఉన్నాయని ప్రకటిస్తుంటారు. నిజానికి అవి నాడీసంధి రెండు ఒడ్డుల మీద ఉండేవి. మామూలు కన్ఫోకల్ మైక్రోస్కోపులో పక్కపక్కన ఆనుకొని, కొంత మాత్రమే ఒకదాని మీద ఒకటి పడాలి.

మంచి రంగు పడిన కణంలో చుక్కలు మ్యాప్2 వెలిగిన డెండ్రైట్ల అంచుల వెంట, కణదేహం చుట్టూ వరుసగా ఉంటాయి, ఒక్కొక్కటి అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ దాకా ఉంటుంది. కేంద్రకంలో వెలుగు ఉంటే యాంటీబాడీని అనుమానించండి. న్యూరాన్ల మధ్య పెరిగిన సహాయక కణాలైన ఆస్ట్రోసైట్ల మీదా, ఖాళీ గాజు మీదా అదే సాంద్రతలో చుక్కలు ఉంటే అవి పొడులే.

మెదడు ముక్కలు

30–40 మైక్రాన్ల మందంతో కోసి ద్రవంలో తేలించే ముక్కలకు పై పద్ధతే, ట్రైటాన్ 0.3 శాతం, ప్రైమరీ రెండు రాత్రులు. పారాఫిన్‌లో పోతపోసిన ముక్కలకు మాత్రం పీహెచ్ 6 సిట్రేట్‌లో గానీ పీహెచ్ 9 ట్రిస్-ఈడీటీఏలో గానీ వేడిచేసి ఎపిటోప్‌ను (యాంటీబాడీ పట్టుకునే చోటును) తిరిగి తెరవాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని మానవ మెదడు భాండాగారం వంటి చోట్ల నుంచి తెచ్చిన, ఫార్మలిన్‌లో దీర్ఘకాలం ఉన్న ముక్కలకు ఈ అంచె తప్పదు.

హిప్పోక్యాంపస్‌లో కణదేహాల వరుసలు చీకటిగానూ, వాటి మధ్య నాడీసంధుల పొరలు వెలుగుగానూ, సీఏ3 అనే ప్రాంతంలో మాసీ ఫైబర్లనే యాక్సాన్ల చివరలు పెద్ద ముద్దలుగా అన్నిటికంటే ఎక్కువగానూ మెరవాలి. తెల్లపదార్థమైన కార్పస్ క్యాలోసమ్ దాదాపు ఖాళీగా ఉండాలి. అయితే మాసీ ఫైబర్లు మెరిశాయి కాబట్టి యాంటీబాడీ మంచిదని ముగించేయకూడదు. సినాప్టోపోరిన్ కూడా అక్కడే దండిగా ఉంటుంది. బంధువును పట్టుకునే యాంటీబాడీ కూడా సరిగ్గా ఆ చోటే మెరిసి మనల్ని మురిపిస్తుంది.

బొమ్మ తీయడం, లెక్కపెట్టడం

63 రెట్ల ఆయిల్ లెన్స్, 1.4 సంఖ్యాత్మక ద్వారం ఉంటే, పిక్సెల్ 70–80 నానోమీటర్లు, నిలువు అడుగు 0.3 మైక్రాన్లు సరిపోతాయి. ఇంత చేసినా కన్ఫోకల్ విడదీయగల దూరం 200 నానోమీటర్ల పైనే; 40 నానోమీటర్ల వెసికిల్ ఒక్కటి మనకు కనిపించదు. మనం చూసేది వెసికిల్ గుంపును. లేజర్, గెయిన్ విలువలను అన్నిటికంటే వెలుగైన నమూనా మీద, ఏ పిక్సెల్ నిండిపోకుండా అమర్చి, మిగతా అన్నిటికీ మార్చకుండా వాడాలి. ఏ స్లైడ్ ఏ వర్గానికి చెందిందో బొమ్మ తీసేవారికీ, లెక్కించేవారికీ తెలియకూడదు.

చుక్కల సంఖ్యను డెండ్రైట్ పొడవుకు భాగించి చెప్పాలి. పీఎస్‌డీ-95తో కలిసిన చుక్కలను లెక్కించేటప్పుడు, ఒక రంగు బొమ్మను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ అదే లెక్క నడపండి. యాదృచ్ఛికంగా ఎన్ని కలుస్తాయో ఆ సంఖ్య చెబుతుంది. తిప్పినా తిప్పకపోయినా ఒకే సంఖ్య వస్తే, చుక్కలు మరీ దట్టంగా ఉన్నాయి లేదా హద్దు విలువ మరీ కింద పెట్టారు.

ఫలితాన్ని మాటల్లో పెట్టేటప్పుడు కొంత పొదుపు అవసరం. ఆల్జైమర్స్ మెదడులో సినాప్టోఫైసిన్ తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలు చూపాయి, అందుకే ఇది తగ్గితే నాడీసంధులు తగ్గాయని రాయడం అలవాటైపోయింది. కానీ చుక్కల సంఖ్య తగ్గకుండా ఒక్కొక్క చుక్క వెలుగు మాత్రమే తగ్గితే, సంధి ఉండి వెసికిల్స్ తగ్గాయనో, వెసికిల్ మీద ప్రోటీన్ తగ్గిందనో కూడా అర్థం కావచ్చు. సంధులు తగ్గడాన్నీ, ఉన్న సంధిలో ప్రోటీన్ తగ్గడాన్నీ బ్లాట్ విడదీయలేదు, చుక్కల లెక్క కొంత విడదీస్తుంది. ఇక ఒకే పెంపకంలోని పది కవర్‌స్లిప్‌లు పది నమూనాలు కావు; గణాంకాల్లో ఒక జంతువును లేదా ఒక పెంపకాన్ని ఒకటిగానే లెక్కించాలి.

రాసిపెట్టుకోవలసినవి

కంపెనీ పేరు, క్యాటలాగ్ సంఖ్య, లాట్ సంఖ్య, క్లోన్, తయారైన జంతువు, ఆర్ఆర్ఐడీ (పరిశోధన సామగ్రిని గుర్తించే ప్రత్యేక) సంఖ్య, వాడిన పలుచదనం, వేడిచేసిన ఉష్ణోగ్రత ఇవన్నీ వ్యాసంలోని పద్ధతుల భాగంలోకి వెళ్లాలి. పాలీక్లోనల్ అయితే లాట్ మారినప్పుడు అది దాదాపు కొత్త యాంటీబాడీయే. మోనోక్లోనల్‌కు కూడా గాఢత మారవచ్చు. అందువల్ల మొదటి రోజే ఒక పెద్ద మెదడు లైసేట్ తయారుచేసి, 10 మైక్రోగ్రాముల చొప్పున ట్యూబుల్లో పంచి మైనస్ 80లో దాచండి. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా అందులో ఒక ట్యూబు తీసి, పాత లాట్ చివరి చిన్న ట్యూబుతోనూ, కొత్త లాట్‌తోనూ ఒకే జెల్ మీద పోల్చి, ఆ బ్లాట్‌ను రెండు లాట్ సంఖ్యలతో, తేదీతో నోటుబుక్కులో అతికించాలి. పాత లాట్ పూర్తిగా అయిపోయాక ఈ పని చేయడం కుదరదు కాబట్టి, పాతది రెండు చిన్న ట్యూబులు మిగిలి ఉండగానే కొత్తది ఆర్డరు పెట్టండి.